కలాంబో జలపాతం చూడాలనుకుంటే: ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, ముందు ఏం చూడాలి

ఆఫ్రికాలో జలపాతం అనగానే చాలామందికి విక్టోరియానే గుర్తొస్తుంది. అది చూడొద్దని ఎవరూ అనరు. కానీ అదే జాంబియాకి ఉత్తరపు కొసన, టాంజానియా సరిహద్దు మీద, కలాంబో అనే జలపాతం ఉంది. ఎత్తులో విక్టోరియాకి రెట్టింపు పైనే, చూడ్డానికి వచ్చేవాళ్లు మాత్రం చాలా తక్కువ. దానికి కాస్త ఎగువన, అదే నది ఒడ్డున, మన జాతి మనుషులు (హోమో సేపియన్స్) పుట్టకముందే ఎవరో చెట్టు దుంగల్ని చెక్కి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా అమర్చారు. వాటి వయసు దాదాపు 4,76,000 ఏళ్లని 2023లో బయటపెట్టారు. జలపాతం దిగువన టాంగన్యీకా సరస్సు, ఆ సరస్సు మీద పడమరకి పడవలో వెళ్తే ఏనుగులు తిరిగే న్సుంబు నేషనల్ పార్క్.

ఈ మూడూ ఒకే ట్రిప్‌లో ఎలా చూడాలో రాస్తున్నాను. ఇంత దూరం వెళ్లి కూడా వ్యూపాయింట్ దగ్గర నాలుగు ఫోటోలు తీసుకుని, వెనక్కి తిరిగి ఎగువ వైపు ఒక్కసారి కూడా చూడకుండా వచ్చేసేవాళ్లు ఉంటారు, అలా జరగకూడదని నా ఆశ.

ముందు అసలు అక్కడ ఏముందో చెప్తాను. కలాంబో పెద్ద నది ఏమీ కాదు. రెండు దేశాల మధ్య సరిహద్దుగా పారుతూ పారుతూ ఒక్కసారిగా పీఠభూమి అంచు మీద నుంచి కింద లోయలోకి దూకేస్తుంది, మధ్యలో ఎక్కడా మెట్టు ఉండదు, ఒకటే దూకుడు. ఎత్తు 220 నుంచి 235 మీటర్ల మధ్య రకరకాలుగా చెప్తారు. విక్టోరియా 108 మీటర్లు. మన తలకోన 82 మీటర్లంటారు, అంటే దాదాపు మూడు తలకోనలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. విక్టోరియాకి ఉన్న వెడల్పు దీనికి లేదు, అక్కడిలా కిలోమీటరున్నర పైచిలుకు పొడవునా నీటి గోడ కనిపిస్తుందని ఊహించుకుని వెళ్లొద్దు. ఇది సన్నగా, పొడుగ్గా, నిటారుగా పడే ధార. దీని అందం ఆ లోతులో ఉంది. నీళ్లు అంచు దాటాక కింద పడేలోపు గాలికి పక్కకి జరుగుతూ, తెల్లగా విడిపోతూ, చివరికి కింద ఎక్కడ తాకాయో సరిగ్గా కనిపించదు కూడా. ఆ లోయ అలాగే కిలోమీటర్ల కొద్దీ సాగి సరస్సు వైపు తెరుచుకుంటుంది. ఆ సరస్సు ఆఫ్రికా ఖండాన్ని చీల్చుకుంటూ పోయే పెద్ద రిఫ్ట్ లోయలో ఉంది, ఇంత ఎత్తు నుంచి నీళ్లు దూకడానికి కారణం కూడా ఆ చీలికే.

ఎప్పుడు వెళ్లాలి

దీని మీదే మీ ట్రిప్ మొత్తం ఆధారపడి ఉంటుంది, కాబట్టి టికెట్లు కొనకముందే ఆలోచించండి. ఉత్తర జాంబియాలో వర్షాలు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. నీళ్లు బాగా ఉండేది వర్షాకాలం చివర్లో, ఫిబ్రవరి నుంచి మే దాకా. కానీ ఫిబ్రవరి, మార్చిలో మెయిన్ రోడ్డు దిగాక మట్టిదారి బురద బురదగా ఉంటుంది, మామూలు కారుతో పోలేరు. సెప్టెంబర్, అక్టోబర్‌లో దారి బ్రహ్మాండంగా ఉంటుంది, ధార మాత్రం సన్నగా అయిపోతుంది, పైగా అక్టోబర్‌లో ఎండ మండిపోతుంది.

నా సలహా మే చివరి నుంచి జూలై మధ్య వరకు. నీళ్లు ఇంకా బాగానే ఉంటాయి, మట్టిదారి ఆరిపోయి ఉంటుంది, దోమలు తగ్గుతాయి, ఇంకో మంచి కారణం కూడా ఉంది, పక్షులు. మరబూ కొంగలని పెద్ద పక్షులు ఈ లోయ గోడల మీద గూళ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి, అదీ వానలు లేని ఈ నెలల్లోనే. మిగతా ఆఫ్రికాలో ఇవి ఎక్కువగా చెట్ల మీద గూళ్లు పెడతాయి, ఇలా రాతి గోడ అంచుల మీద పెట్టే చోట్లు చాలా అరుదు. మనిషి నడుము దాటి, ఒక్కోసారి ఛాతీ దాకా వచ్చే ఎత్తు, బోడి తల, మెడ దగ్గర వేలాడే గులాబీ రంగు సంచి, రెక్కలు చాపితే రెండున్నర మీటర్లు దాటొచ్చు. చాలామంది వీటిని అసహ్యంగా ఉంటాయంటారు, చచ్చిన జంతువుల్ని, చెత్తని తింటాయి కాబట్టి. మన అస్సాంలో హర్గిలా అని కాపాడుకుంటున్న కొంగ వీటికి దగ్గరి బంధువే. కలాంబో అంచున నిలబడి చూస్తే అవి మీకంటే కింద ఎగురుతూ కనిపిస్తాయి, రెక్కలు ఒక్కసారి కూడా ఆడించకుండా, లోయలోంచి పైకి లేచే వేడి గాలి మీద గుండ్రంగా తిరుగుతూ. పక్షిని పైనుంచి చూడడం మనకి అలవాటు లేని విషయం, అందుకని బైనాక్యులర్ తప్పకుండా తీసుకెళ్లండి, ఫోన్ జూమ్‌తో పని జరగదు. గూళ్లు ఉన్న వైపు రాళ్లు విసరడం, గట్టిగా అరవడం చేయొద్దు, తల్లి పక్షి బెదిరి లేచిపోతే పిల్ల అంచు మీద నుంచి పడిపోతుంది. డ్రోన్ అయితే అనుమతి లేకుండా అసలు బ్యాగ్‌లో పెట్టుకోకండి.

జూన్, జూలైలో వెళ్తే స్వెటర్ పెట్టుకోండి. ఆఫ్రికా అంటే వేడి అనుకుంటాం గానీ దగ్గర్లోని ఎంబాలా ఊరు సముద్ర మట్టానికి 1,600 మీటర్ల పైన ఉంది, రాత్రిళ్లు వణికిస్తుంది. సరస్సు దగ్గరికి దిగితే మళ్లీ ఉక్కపోత. ఒకే రోజులో రెండూ తగులుతాయి.

ఎలా చేరుకోవాలి

మన దగ్గర్నుంచి జాంబియా రాజధాని లుసాకాకి అడిస్ అబాబా మీదుగానో దుబాయ్ మీదుగానో వెళ్లొచ్చు. లుసాకా నుంచి ఎంబాలా రోడ్డు మీద దాదాపు వెయ్యి కిలోమీటర్లు, గ్రేట్ నార్త్ రోడ్ పట్టుకుని కాబ్వే, కపిరి ఎంపోషి, సెరెంజె, ఎంపికా, అక్కడి నుంచి కసామా, ఆ పైన ఎంబాలా. ఒక్క రోజులో కొట్టేద్దాం అనుకోవద్దు. లారీలు ఎక్కువ, కొన్నిచోట్ల గుంతలు, చీకటి పడ్డాక రోడ్డు మీద లైట్లు లేని బళ్లు, సైకిళ్లు, మేకలు. ఎంపికాలోనో కసామాలోనో రాత్రి ఆగండి, చీకట్లో మాత్రం నడపకండి. జాంబియాలో కూడా మనలాగే ఎడమ వైపే నడుపుతారు, అందుకని అలవాటు పడటం తేలిక. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఓ ఆఫీసులోనే తీసుకోవచ్చు. దారిలో పోలీసు చెక్‌పోస్టులు చాలా ఉంటాయి, కాగితాలు చేతికి అందేలా పెట్టుకుని, ఆపినప్పుడు ముందు నమస్కారం చెప్పి మాట్లాడితే పని తొందరగా అయిపోతుంది. అక్కడ పలకరింపు లేకుండా నేరుగా విషయంలోకి దిగడం మర్యాద కాదు. బెంబా భాషలో 'ములిషాని' అంటే బాగున్నారా అని, 'నతోతేలా' అంటే ధన్యవాదాలు. ఈ రెండు మాటలు నేర్చుకుంటే చాలు, ఎదుటివాళ్ల ముఖం మారిపోతుంది.

కసామా దాకా విమానాలు కూడా నడిచిన రోజులున్నాయి, షెడ్యూళ్లు మారుతూ ఉంటాయి కాబట్టి బుక్ చేసే ముందు చూసుకోండి. ఓపిక, టైమ్ రెండూ ఉన్నవాళ్లకి టాజారా రైలు మార్గం ఉంది. 1970లలో చైనా సాయంతో కట్టిన 1,860 కిలోమీటర్ల లైను, దార్ ఎస్ సలామ్ నుంచి కపిరి ఎంపోషి దాకా, మధ్యలో కసామాలో ఆగుతుంది. కానీ దాని మీద ఆధారపడి తిరుగు ఫ్లైట్ బుక్ చేసుకోవద్దు, మీరు వెళ్లేటప్పుడు ప్యాసింజర్ రైలు నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి.

ఎంబాలా నుంచి జలపాతానికి రెండు దారులు. మొదటిది రోడ్డు: ఎంబాలా నుంచి సరస్సు ఒడ్డున ఉన్న ఎంపులుంగు అనే రేవు ఊరికి వెళ్లే తారు రోడ్డు మీద కాసేపు పోయి కుడివైపు మట్టిదారిలోకి తిరగాలి. మొత్తం 35 కిలోమీటర్ల చుట్టుపక్కల దూరమే, కానీ చివరి భాగం గతుకులు, రాళ్లు. నేల నుంచి ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి. సొంత బండి లేకపోతే ఎంబాలాలో డ్రైవర్‌తో సహా మాట్లాడుకోండి, అక్కడ వెయిట్ చేసే టైమ్‌తో కలిపి రేటు ముందే తేల్చుకోండి, లేదంటే గంట కాగానే వెళ్లిపోదాం అని తొందర పెడతారు. పెట్రోలు ఎంబాలాలోనే ఫుల్ చేయించండి.

రెండోది సరస్సు వైపు నుంచి. ఎంపులుంగు రేవులో పడవ మాట్లాడుకుని సరస్సు ఒడ్డున ఉన్న పల్లె దాకా వెళ్లి, అక్కడ గైడ్‌ని తీసుకుని నిట్టనిలువుగా ఎక్కాలి. రెండు మూడు గంటల ఎక్కుడు, నీడ తక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు దీని జోలికి పోవద్దు. కానీ ఒంట్లో శక్తి ఉంటే ఇదే మంచి దారి అంటాను, ఎందుకంటే అడుగడుక్కీ సరస్సు కిందకి దిగిపోతూ కనిపిస్తుంది, ఆ రిఫ్ట్ గోడ ఎంత ఎత్తో మీ కాళ్లకే తెలుస్తుంది. తెల్లవారుజామునే బయల్దేరండి. మధ్యాహ్నం అయితే సరస్సు మీద గాలి లేచి అలలు పెద్దవవుతాయి. లైఫ్ జాకెట్ లేని పడవ, జనాన్ని కుక్కిన పడవ అయితే ఎక్కొద్దు, ఎంత చవకైనా సరే.

టాంజానియాలో ఉంటే సుంబవాంగా మీదుగా ఆ వైపు నుంచి కూడా చూడొచ్చు. ఒక్క జాగ్రత్త: నదే సరిహద్దు. అవతలి గట్టు అంత దగ్గర్లో కనిపిస్తోంది కదా అని దాటేస్తే అది పాస్‌పోర్టు మీద ముద్ర లేకుండా దేశం దాటడమే. రెండు వైపులా చూడాలంటే కసేస్య సరిహద్దు పోస్టు దగ్గర దాటాలి, దానికి తగ్గ వీసా ముందే ఉండాలి.

జలపాతం కంటే ముందు మ్యూజియం

ఇది గట్టిగా చెప్తున్నాను. ఎంబాలా చేరాక నేరుగా జలపాతానికి పరుగెత్తకండి, ముందు మోటో మోటో మ్యూజియానికి వెళ్లండి. జాన్ జాక్ కోర్బె అనే కెనడా ఫాదర్ ఏళ్ల తరబడి సేకరించిన వస్తువులతో మొదలైంది ఇది. పేరేమో జోసెఫ్ డ్యూపాఁ అనే బిషప్‌కి అక్కడి జనం పెట్టిన ముద్దుపేరు, నిప్పు నిప్పు అని అర్థం. బెంబా ఆడపిల్లలు పెద్దమనిషి అయినప్పుడు చేసే చిసుంగు వేడుకలో వాడే మట్టి బొమ్మలు, డోలు, ఇనుము కరిగించే కొలిమి పనిముట్లు ఉంటాయి, రాతియుగం పనిముట్లూ ఉంటాయి. వాటి ముందు కాస్త ఎక్కువసేపు నిలబడండి, ఎందుకంటే నది దగ్గర మీకు చూపించడానికి ఏమీ ఉండదు. బోర్డు, గాజు పెట్టె, తవ్విన గుంత, ఏమీ ఉండవు. గడ్డి, ఇసుక, వంకర తిరుగుతూ నెమ్మదిగా పారే నీళ్లు, అంతే. ఇక్కడ తెలుసుకున్నది బుర్రలో పెట్టుకుని వెళ్తేనే అక్కడ చూడ్డానికి ఏదైనా ఉంటుంది.

కథ ఇదీ. 1953లో డెస్మండ్ క్లార్క్ అనే పురావస్తు శాస్త్రవేత్త, అప్పట్లో లివింగ్‌స్టన్ మ్యూజియం చూసుకునేవాడు, జలపాతానికి ఎగువన ఉన్న చిన్న పల్లపు ప్రాంతంలో నది కోసిన గట్టుని గమనించాడు. జలపాతం దగ్గర గట్టి రాయి అడ్డం ఉంది కాబట్టి ఎగువన నది వేగం తగ్గి, మెలికలు తిరిగి, లక్షల ఏళ్లుగా ఇసుక, బంకమట్టి పొరలు పొరలుగా వేసుకుంటూ వచ్చింది. ఆ పొరల్లో మనుషుల పనిముట్లు వరసగా ఉన్నాయి, కింద రాతి చేతిగొడ్డళ్లు, పైకి వచ్చేకొద్దీ చిన్న పనిముట్లు, ఇంకా పైన ఇనుము వాడిన రైతుల కుండపెంకులు. ఒకే చోట ఇంత పొడుగు చరిత్ర దొరకడం మామూలు విషయం కాదు. క్లార్క్ 1950లు, 60లలో తవ్వి, దాని మీద రాసిన మూడు సంపుటాల్లో చివరిది 2001లో వచ్చింది, ఆ మరుసటి ఏడాదే ఆయన చనిపోయాడు.

ఆయనకి అప్పట్లోనే చెక్క ముక్కలు కూడా దొరికాయి. చెక్క మామూలుగా అయితే కొన్నేళ్లలో పుచ్చిపోతుంది, ఇక్కడ ఎప్పుడూ నీళ్లలో నానుతూ, గాలి తగలకుండా ఉండబట్టి నిలిచింది. కానీ అవి మనిషి చెక్కినవో కాదో, ఎంత పాతవో ఆ రోజుల్లో గట్టిగా తేల్చలేకపోయారు. చెక్క లాంటివాటి వయసు కొలిచే కార్బన్ పద్ధతి దాదాపు 50,000 ఏళ్ల దాకానే పనిచేస్తుంది. 2019లో లివర్‌పూల్ యూనివర్సిటీ ల్యారీ బారమ్ బృందం మళ్లీ తవ్వినప్పుడు, ఒక దుంగలో గాడి కోసి దాన్ని ఇంకో దుంగ మీద అడ్డంగా కూర్చోబెట్టి ఉండటం చూశారు. రాతి పనిముట్లతో చెక్కిన గుర్తులు ఆ గాడిలో అలాగే ఉన్నాయి. ఈసారి వయసు కట్టింది చెక్కకి కాదు, దాని చుట్టూ ఉన్న ఇసుకకి. ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లైందో కొలిచే ల్యూమినెసెన్స్ పద్ధతి ఉంది, వెల్ష్ యూనివర్సిటీ అయిన అబరిస్ట్‌విత్‌కి చెందిన జెఫ్ డల్లర్ ఆ పని చేశాడు. 4,76,000 ఏళ్లు, 23,000 అటూఇటూగా.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగండి. మన జాతి, హోమో సేపియన్స్, ఆనవాళ్లు దొరికిందే సుమారు 3,00,000 ఏళ్ల నుంచి. అంటే ఈ దుంగల్ని అమర్చింది మనం కాదు, మనకంటే ముందున్న వేరే మనుషులు. వాళ్లు ఏం కట్టారో తెలీదు, తడి నేల మీద నడిచే దారి కావచ్చు, కూర్చునే అరుగు కావచ్చు, గుడిసెకి పునాది కావచ్చు. ఏదైనా గానీ, రెండు వస్తువుల్ని ఒకదానికి ఇంకోటి అమిరేలా తయారుచేసి కలపాలన్న ఆలోచన వాళ్లకి వచ్చింది. ఒకే చోట కొన్నాళ్లు ఉండిపోయే ఉద్దేశం లేకపోతే అంత శ్రమ ఎందుకు పడతారు? మన దగ్గర, ఆంధ్ర సరిహద్దుకి దగ్గర్లో చెన్నై వైపు అత్తిరంపాక్కంలో కూడా ఇదే కుదురుకి చెందిన చేతిగొడ్డళ్లు దొరికాయి, అవి ఇంకా పాతవి. కానీ రాయే మిగిలింది. వాళ్లు చెక్కతో ఏం చేశారో మనకి ఎప్పటికీ తెలియదు. కలాంబోలో ఆ మిగతా సగం కూడా కనిపించింది, అందుకే నాకు ఈ చోటంటే అంత ఇది.

లుసాకా నుంచి వచ్చే దారిలో కాబ్వే అనే గనుల ఊరు దాటుతారు కదా, 1921లో అక్కడి గనిలోనే ఒక పాత మనిషి పుర్రె దొరికింది, సుమారు 2,99,000 ఏళ్లనాటిది. అది లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది, తిరిగి ఇవ్వమని జాంబియా ఎప్పట్నుంచో అడుగుతోంది. బండిలో వెళ్తున్నప్పుడు ఆ ఊరి బోర్డు కనిపిస్తే గుర్తు తెచ్చుకోండి.

జలపాతం దగ్గర

పొద్దున్నే వెళ్లండి. ప్రవేశ రుసుము విదేశీయులకి వేరుగా ఉంటుంది, జాంబియా కరెన్సీ క్వాచాల్లో క్యాష్ తీసుకెళ్లండి, రసీదు అడిగి తీసుకోండి. వారసత్వ కట్టడాల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ మనుషులే అక్కడ ఉంటారు, వాళ్లలో ఒకరిని వెంట తీసుకుని తిరగడం మంచిది, కొంగల గూళ్లు ఏ మూలనున్నాయో వాళ్లకే తెలుస్తుంది. పల్లపు ప్రాంతం కూడా చూడాలని వచ్చామని ముందే చెప్పండి, ఏ వైపు వెళ్లనిస్తారో వాళ్లే చెప్తారు.

అంచు దగ్గర చాలా జాగ్రత్త. మన టూరిస్టు స్పాట్లలోలా ప్రతిచోటా రెయిలింగ్ ఉంటుందనుకోవద్దు. రాయి మీద పాచి ఉంటుంది, తుంపర్ల తడి ఉంటుంది, లోయలోంచి గాలి ఒక్కసారిగా తోస్తుంది. సెల్ఫీ కోసం వెనక్కి వెనక్కి నడవడం ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పిల్లల చెయ్యి వదలొద్దు. పట్టున్న బూట్లు వేసుకోండి, చెప్పులతో వద్దు.

కాసేపు కింద చూశాక, వెనక్కి తిరిగి నది వెంట ఎగువకి నడవండి. మెలికలు, గడ్డి, ఇసుక గట్లు. వర్షాకాలం వచ్చిన ప్రతిసారీ నది ఈ గట్లని కోసుకుంటూ పోతుంది, అలా కోసినప్పుడే పాతవి బయటపడతాయి, అలాగే కొట్టుకుపోతాయి కూడా. అందుకని గట్టు మీద పనిముట్టులా ఉన్న రాయి కనిపిస్తే ఫోటో తీసుకోండి, గైడ్‌కి చూపించండి, అక్కడే వదిలేయండి. జేబులో వేసుకుంటే జాంబియా చట్టం ప్రకారం నేరం, అంతకంటే ముఖ్యం, ఆ రాయి ఏ పొరలో ఉందో తెలిస్తేనే దానికి విలువ. మీ షోకేసులోకి వచ్చాక అది ఉత్త రాయే.

మధ్యాహ్నం తిరిగొచ్చాక టైమ్ ఉంటే ఎంబాలా చుట్టూ చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో పోరాడిన జర్మన్ సేనాని ఫాన్ లెటో ఫోర్‌బెక్ ఈ ఊళ్లోనే లొంగిపోయాడు, 1918 నవంబర్ 25న, యూరప్‌లో యుద్ధం ఆగిపోయిన రెండు వారాలకి. అప్పుడు ఊరి పేరు అబెర్‌కార్న్.

సరస్సు, న్సుంబు

టాంగన్యీకా లోతు 1,470 మీటర్లు, ప్రపంచంలో బైకాల్ తర్వాత ఇదే. ఎక్వేరియం పెంచేవాళ్లకి దీని పేరు బాగా తెలుసు, దుకాణాల్లో ఖరీదుగా అమ్మే సిక్లిడ్ చేపలు చాలా రకాలు ఈ సరస్సువే, ఇక్కడ తప్ప ఇంకెక్కడా పుట్టనివి. నీళ్లు తేటగా ఉంటాయి, చూస్తే దూకాలనిపిస్తుంది. కానీ మొసళ్లున్నాయి. మీరు ఉండే లాడ్జివాళ్లు ఇక్కడ దిగొచ్చు అని చూపించిన చోటే దిగండి.

న్సుంబు పార్క్ 2,000 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది, సరస్సు ఒడ్డు పొడవునా. ఎంపులుంగు నుంచి లాడ్జి పడవలో వెళ్లడం తేలిక, రోడ్డు మీదైతే చాలా చుట్టు. ఏనుగులు, అడవిదున్నలు, ఒడ్డున నీటిగుర్రాలు, పుకు, రోన్, సేబుల్ జింకలు, తెల్లతల డేగలు ఉంటాయి. వేటగాళ్ల వల్ల ఒకప్పుడు ఈ పార్క్ బాగా ఖాళీ అయిపోయింది. కొన్నేళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్ జూలాజికల్ సొసైటీ, ప్రభుత్వం కలిసి మళ్లీ నిలబెడుతున్నాయి. అందుకని ఇక్కడ జంతువులు మనిషిని చూస్తే ఇంకా కొంచెం బెదురుతాయి, జీపు పక్కకి వచ్చి నిలబడవు. పడవలోంచి, ఇంజన్ ఆపేసి, ఒడ్డుకి నీళ్లకి వచ్చే ఏనుగుల్ని చూడటమే ఇక్కడి పద్ధతి. సింహాలు, చిరుతలు గ్యారంటీగా కావాలంటే ఇది కాదు, దక్షిణ లువాంగ్వా పార్క్‌కి వెళ్లండి, దానికి వేరే రోజులు పెట్టుకోండి. రెండూ ఒకే ట్రిప్‌లో ఇరికిస్తే రోడ్ల మీదే అయిపోతుంది.

తిండి గురించి. మొక్కజొన్న పిండితో వండే న్షిమా రోజూ ఉంటుంది, చేత్తోనే తింటారు కాబట్టి మనకి కొత్తగా అనిపించదు. పక్కన కపెంటా, అంటే ఈ సరస్సులోనే పట్టి ఎండబెట్టిన చిన్న చేపలు, వేయించి టమాటా ఉల్లిపాయలతో పెడతారు, కారం లేదనే గానీ చాలా బాగుంటుంది. శాకాహారులు ఇఫిసాషి అని అడగండి, ఆకుకూరని పల్లీల పొడితో ఉడికిస్తారు. చికండా మాత్రం వద్దంటాను. పల్లీలతో కలిపి చేసే ఆ ముద్ద శాకాహారమే, రుచిగానే ఉంటుంది, కానీ అది అడవి ఆర్కిడ్ దుంపలతో చేస్తారు, వాటిని తవ్వేసి తవ్వేసి చాలాచోట్ల లేకుండా చేశారు. పచ్చడి, పొడి మీరెలాగూ తీసుకెళ్తారు, సీల్ చేసిన ప్యాకెట్లలో పెట్టండి.

తిరుగు దారిలో కసామాలో ఒక పూట ఆగండి. ఊరికి దగ్గర్లోనే ఎంవేలా రాళ్ల మీద రాతియుగపు బొమ్మలున్నాయి, ఆ చుట్టుపక్కల వందల కొద్దీ చోట్ల. జంతువులు, విల్లు పట్టిన మనుషులు, చుక్కలు, గీతలు. గైడ్ లేకుండా వెళ్తే రాళ్ల మధ్య తిరిగి తిరిగి ఏమీ కనపడక వచ్చేస్తారు. బొమ్మల్ని ముట్టుకోవద్దు, రంగు బాగా కనిపించాలని నీళ్లు అసలే చల్లొద్దు. ఇంకో పూట దొరికితే చిషింబా జలపాతం ఉంది, ఒకే నది మీద వరసగా మూడు. బెంబావాళ్లకి అది పవిత్రమైన చోటు, కాబట్టి గుడికి వెళ్లినట్టే మసలుకోండి.

కాగితాలు, మందులు

వీసా రూల్స్ మారుతూ ఉంటాయి, జాంబియా ఇమిగ్రేషన్ శాఖ సొంత వెబ్‌సైట్‌లోనే చూడండి, ఏజెంట్లు చెప్పేది నమ్మి కూర్చోవద్దు. టాంజానియా వైపు కూడా వెళ్తే దాని వీసా వేరు. మలేరియా మాత్రం తేలిగ్గా తీసుకోకండి, సరస్సు చుట్టూ బాగా ఉంటుంది. వెళ్లేముందే డాక్టర్ దగ్గరికి వెళ్లి ముందుజాగ్రత్త మాత్రలు రాయించుకోండి, అవి తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు వేసుకోవాలి, చాలామంది ఇంటికి రాగానే మానేస్తారు. తిరిగొచ్చిన నెలల్లో జ్వరం వస్తే డాక్టర్‌కి ఆఫ్రికా వెళ్లొచ్చానని మొదటి మాటగా చెప్పండి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు, రోజులు, టైమింగ్స్ ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. ఒకసారి వేయించుకుంటే దానికి రుజువుగా ఇచ్చే పసుపు కార్డు జీవితాంతం చెల్లుతుంది. అడిస్ అబాబాలో ఎక్కువసేపు ఆగే టికెట్ అయితే, టాంజానియా కూడా కలుపుకుంటే, ఇది ఇంకా ముఖ్యం. ఈ జబ్బున్న దేశాల నుంచి కార్డు లేకుండా వస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. కార్డుని చెక్ఇన్ సామానులో పెట్టకండి, పాస్‌పోర్టుతో పాటు చేతి సంచిలో పెట్టుకోండి.